పండు ఈగను అదుపు చేయాలంటే దాన్ని పెంచే గది కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మామిడి కాయ ముదిరే రోజుల్లోనూ, వానాకాలం జామ కోతకొచ్చే రోజుల్లోనూ మీ వ్యవసాయ పేజీలో పండు ఈగ మీద సలహాలు వస్తుంటాయి. ఎర బుట్టలు కట్టమని, రాలిన కాయలు ఏరి లోతుగా పూడ్చమని, బెల్లం నీళ్లలో మందు కలిపి ఆకుల మీద అక్కడక్కడ చల్లమని చెబుతారు. సలహాలు మంచివే. అయితే ఒడిశాలోని రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగు రైతు అడిగే ప్రశ్నలు వేరు. సంతలో కొన్న ఎర మే నెల ఎండకు ఎన్ని వారాలు నిలుస్తుంది? జూన్‌లో వానలు మొదలయ్యాక బెల్లం ఎర ఏ మేరకు పనిచేస్తుంది? రాలిన కాయలను ఎంత లోతున పూడిస్తే ఈగ పైకి రాదు? వీటికి గట్టి జవాబు చెప్పాలంటే వయసు తెలిసిన, మేత తెలిసిన, ఆరోగ్యంగా ఉన్న ఈగలు వందల్లో, ఏడాది పొడవునా చేతిలో ఉండాలి. తోటలో పట్టి తెచ్చిన ఈగలతో ఆ పని జరగదు. గుణుపూర్‌లోనో, పర్లాకిమిడిలోనో, సెమిలిగుడలోనో ఒక చిన్న పెంపక గది ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. అది ఎలా నడుస్తుందో, ఎక్కడెక్కడ చెడిపోతుందో తెలియకుండా కోరితే అధికారులు పట్టించుకోరు కాబట్టి వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఏ ఈగ గురించి మాట్లాడుతున్నామో చెప్పాలి. మగ్గిన అరటిపండు మీద ముసిరే ఎర్ర కళ్ల చిన్న ఈగ డ్రోసోఫిలా. అది కుళ్లిన పండు మీద బతుకుతుంది, దానివల్ల పంటకు నష్టం లేదు. పత్రికల్లో, కరపత్రాల్లో పండు ఈగ అంటూ చాలాసార్లు దాని బొమ్మే వేస్తున్నారు. రైతుకు నష్టం చేసేది బాక్ట్రోసెరా జాతి ఈగ. ఇంటి ఈగంత ఉంటుంది, చూపుకు కందిరీగలా కనిపిస్తుంది. మామిడి, జామల మీద మన దగ్గర ముఖ్యంగా చూడాల్సినవి మూడు. బాక్ట్రోసెరా డోర్సాలిస్‌కు నల్లటి వీపు, దానికి రెండు పక్కలా పసుపు చారలు, పొట్ట మీద ఇంగ్లిషు టీ అక్షరంలా నల్ల గీత ఉంటాయి. జొనాటా ఎర్ర గోధుమ రంగులో ఉండి, రెక్క కొసన చిన్న మచ్చతో కనిపిస్తుంది. మూడోది కరెక్టా. కాకర, బీర, ఆనప, దోస, పొట్ల పాదుల మీద వాలేది జ్యూగోడాకస్ కుకర్బిటే, దాని వీపు మీద మూడు పసుపు చారలుంటాయి. ఆడ ఈగకు తోక చివర సూదిలాంటి గొట్టం ఉంటుంది, దానితోనే కాయను గుచ్చి తొక్క కింద గుడ్లు పెడుతుంది. పెంపక గదిలో మొదటి పని ఈ గుర్తింపే. రెండు జాతులు ఒకే పంజరంలో కలిసిపోతే ఆ తర్వాత చేసిన పరీక్షలన్నీ వృథా.

పెంచిన ఈగలే ఎందుకు కావాలో ఎర సంగతితోనే తేలుతుంది. సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు ఎగబడతాయని 1912లో బీహార్‌లోని పూసాలో ఎఫ్. ఎం. హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త రాశారు. వాటిని లాగుతున్న ద్రవ్యం మిథైల్ యూజినాల్ అని 1915 నాటికి తేల్చారు. ఈ రోజు ప్రపంచమంతా వాడుతున్న ఎర మన దేశంలోనే బయటపడిందన్నమాట. మన తులసి ఆకులోనూ అది ఉంది. కానీ ఈ ఎరకు మగ ఈగలే వస్తాయి, అవీ ఎదిగిన మగ ఈగలు మాత్రమే. ప్యూపా (పురుగు ఈగగా మారే గూడు దశ) నుంచి బయటికి వచ్చిన వారం లోపు ఈగను ఎర పక్కన పెట్టినా పెద్దగా పట్టించుకోదు. రెండు వారాల ఈగ పరుగున వస్తుంది. ఒకసారి తృప్తిగా తిన్న మగ ఈగ మళ్లీ కొన్ని వారాలపాటు ఆ వాసనకు సరిగా రాదు. తోటలో పట్టిన ఈగ వయసెంతో, ఇంతకు ముందు ఏ తులసి మొక్క మీద వాలిందో ఎవరికి తెలుసు? అలాంటి ఈగలతో రెండు కంపెనీల ఎరలను పోల్చి ఒకటి మేలని చెబితే, ఆ మాట మీద డబ్బు పెట్టే రైతు నష్టపోతాడు. కాకర ఈగకైతే మిథైల్ యూజినాల్ పనికిరాదు, దానికి క్యూల్యూర్ అనే వేరే ఎర కావాలి. బీర పాదుకు మామిడి ఎర కట్టి ఈగలు పడలేదని బాధపడే రైతులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు.

ఇక గది. పది పన్నెండు అడుగుల గది ఒకటి, మేత కలపడానికి వేరే చిన్న గది ఒకటి చాలు. ఈ రెండూ కలవకూడదు. తవుడు దుమ్ము, బూజు విత్తులు ఈగల గదిలోకి వస్తే వదిలించడం కష్టం. తలుపులు రెండు వరసల్లో ఉండాలి, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. కిటికీకి దోమల జాలీ బిగించాలి. లోపలి వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 65 నుంచి 75 శాతం ఉంచాలి. దీపం రోజుకు 12 నుంచి 14 గంటలు వెలగాలి. డోర్సాలిస్ సంధ్య వేళ జతకడుతుంది. బల్బు ఒక్కసారిగా ఆర్పేస్తే ఆ మసక వెలుతురు దొరకదు, జతకట్టడం తగ్గిపోతుంది, గుడ్లు పెట్టినా పొదగవు. పెద్ద దీపం ఆరడానికి ముందు గంటసేపు చిన్న దీపం ఒక్కటే వెలిగేలా టైమర్ పెడితే సరిపోతుంది, లేదా పడమటి కిటికీ వెలుతురు పంజరాల మీద పడేలా చూడాలి.

మన ప్రాంతంలో పెద్ద చిక్కు కరెంటు. వంశధార పక్కన గుణుపూర్, కాశీనగర్ లాంటి చోట్ల మే నెలలో ఏసీ ఆగిందంటే గది త్వరలోనే 35 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి గుడ్ల పొదుగు పడిపోతుంది, మగ ఈగల సత్తువ తగ్గుతుంది. దాని ఫలితం ఆ రోజు కనిపించదు, వారం తర్వాత ట్రేలు ఖాళీగా కనిపిస్తాయి. అందుకే ఉత్తరం వైపు గోడ ఉన్న కింది అంతస్తు గది, ఏసీకి కాకపోయినా ఫ్యానుకు, చిన్న కూలరుకు సరిపడే ఇన్వర్టరు ఉండాలి. కొరాపుట్ ఎగువన సెమిలిగుడ, పొట్టంగి వైపు దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ చలికాలం రాత్రులు గది చల్లబడి ఈగ ఎదుగుదల కుంటుపడుతుంది, హీటరు, థర్మోస్టాటు కావాలి. వేసవి తేమ కోసం తడి గోనె పట్టాలు వేలాడదీస్తే ముందు బాగానే ఉంటుంది కానీ వాటి మీదే బూజు పడుతుంది. వాటిని వారానికోసారి ఉడకబెట్టి ఎండేయాలి, లేదంటే వేలాడదీయకూడదు.

ఈగలను తెచ్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో రాలిన జామకాయలు, మే, జూన్‌లలో గుచ్చు మచ్చలున్న మామిడి కాయలు కావలసినన్ని దొరుకుతాయి. కాయలను ట్రేలో చిల్లుల జాలీ మీద ఒకే వరసలో పేర్చి, కింద రెండు అంగుళాల మందాన కాస్త తడిపిన ఇసుక పోయాలి. కాయ నుంచి కారే రసం ఇసుకను బురద చేస్తుంది కాబట్టి అప్పుడప్పుడు కాయలను వేరే ఇసుక మీదికి మార్చాలి. పది పన్నెండు రోజుల తర్వాత ఇసుక జల్లిస్తే గోధుమ గింజ రంగులో పీపాల్లాంటి ప్యూపాలు దొరుకుతాయి. వాటి నుంచి ఈగలతో పాటు సన్నటి నడుమున్న చిన్న కందిరీగలు కూడా వస్తాయి. వాటిని చంపకూడదు. ఓపియస్ జాతికి దగ్గరి పరాన్నజీవులవి, పండు ఈగ గుడ్డులోనో పురుగులోనో తమ గుడ్డు పెట్టి ప్యూపా నుంచి బయటికి వస్తాయి. విడిగా సీసాలో పెట్టి గుర్తింపుకు పంపాలి. మొదటి తరానికి ఒకే తోట కాయలు కాకుండా నాలుగైదు ఊళ్ల నుంచి తెచ్చి, కొన్ని వందల ఈగలతో మొదలుపెట్టాలి. పది జతలతో మొదలైన పెంపకం కొన్ని తరాలకే బలహీనపడుతుంది.

పెద్ద ఈగలకు అడుగు పొడవు, వెడల్పు, ఎత్తున్న నెట్ పంజరంలో మూడు నాలుగు వందలకు మించి వేయకూడదు. ఇరుకైతే ఒకదాని రెక్కలు ఒకటి చించుకుంటాయి. మేత చక్కెర మూడు పాళ్లు, మాంసకృత్తు కోసం ఈస్ట్ హైడ్రోలైసేట్ (విడగొట్టిన ఈస్ట్ పొడి) ఒక పాలు. పొడిగానే గిన్నెలో పెట్టాలి. ఈస్ట్ పాలు తగ్గించి చక్కెరతో సరిపెడితే ఈగలు బతుకుతాయి కానీ ఆడ ఈగ కడుపులో గుడ్లు తయారుకావు. నీరు విడిగా, దూది వత్తి ఉన్న సీసాతో ఇవ్వాలి. తెరిచిన గిన్నెలో నీళ్లు పెడితే ఈగలు మునిగి చస్తాయి. పంజరాల బల్ల కాళ్ల కింద నీటి గిన్నెలు, అందులో రెండు చుక్కల సబ్బు నీళ్లు ఉండాలి. చీమలు ఒక్క రాత్రిలో గుడ్లూ ప్యూపాలూ ఎత్తుకుపోతాయి.

ఈగలు పన్నెండు రోజుల వయసుకు వచ్చాక గుడ్ల సీసా పెట్టాలి. పలుచటి ప్లాస్టిక్ సీసాకు సన్న సూదితో చుట్టూ మిల్లీమీటరు లోపు చిల్లులు పొడిచి, లోపల జామ గుజ్జో రసమో కొద్దిగా పూసి పెడితే ఆడ ఈగలు చిల్లుల్లోంచి గొట్టం దూర్చి లోపలి గోడ మీద గుడ్లు పెడతాయి. చిల్లు పెద్దదైతే గుడ్లు ఎండిపోతాయి, రసం ఎక్కువైతే పులిసిపోతాయి. ఒక పూట, మహా అయితే ఒక రోజు ఉంచి తీసేయాలి. సీసాలో నీళ్లు పోసి కదిపితే అరటిపండు ఆకారంలో మిల్లీమీటరు పొడవున్న తెల్లటి గుడ్లు అడుగున చేరతాయి. మళ్లీ మళ్లీ కడిగి పులుపు వాసన పోగొట్టాలి. ప్రతి విడత నుంచి వంద గుడ్లు నల్ల గుడ్డ మీద వరసగా పేర్చి తడిగా ఉంచి, మూడో రోజు ఎన్ని పొదిగాయో లెక్కపెట్టాలి. రెండు రోజుల్లోపే పొదగడం సహజం. వందలో డెబ్బైకి తక్కువ పొదిగితే మేతను అనుమానించే ముందు మగ ఈగలను, గది వేడిని, సంధ్య వెలుతురును చూడాలి.

మేత కలపడంలోనే పెంపకం నిలిచేదీ పోయేదీ తేలుతుంది. కిలో మేతకు గోధుమ తవుడు 260 గ్రాములు, చక్కెర 120 గ్రాములు, చచ్చిన ఎండు ఈస్ట్ 50 గ్రాములు, బూజును ఆపే సోడియం బెంజోయేట్ 1 గ్రాము, మిథైల్ పారాబెన్ 1 గ్రాము, నిమ్మ ఉప్పు 10 నుంచి 15 గ్రాములు, మిగతాది మరిగించి చల్లార్చిన నీరు. ముందు పొడులన్నీ కలిపి, నిమ్మ ఉప్పు నీటిలో కరిగించి, కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. పులుపు కొలిచే పీహెచ్ కాగితం 4 దగ్గర చూపాలి. 5 దాటితే బాక్టీరియా పెరిగి కుళ్లు వాసన వస్తుంది, 3కు దిగితే పిల్లపురుగులు మేత వదిలి అంచులకు పాకుతాయి. తడి సరిపోయిందో లేదో చేతితో చూడాలి. పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లో చెమట పట్టినట్లు నీరు కనిపించాలి, బొట్లుగా రాలకూడదు, పిడికిలి విప్పితే ముద్ద విడిపోకూడదు. గోధుమ తవుడు బస్తా మారినప్పుడల్లా పీల్చే నీరు మారుతుంది కాబట్టి కొలత ఒకటే అయినా ఈ పరీక్ష ప్రతిసారీ చేయాలి.

తవుడు కొనే దగ్గరే సగం ప్రమాదం ఉంది. గిడ్డంగిలో పురుగు పట్టకుండా మందు పెట్టిన తవుడులో పండు ఈగ పురుగు బతకదు. కొత్త బస్తా తెరిచినప్పుడు చిన్న గిన్నెడు మేత కలిపి వంద గుడ్లు వేసి చూశాకే మిగతాది వాడాలి. బ్రెడ్ తయారీకి వాడే ప్రాణమున్న ఈస్ట్‌ను నేరుగా కలిపితే మేత పొంగి బుడగలు వేస్తుంది, సారా వాసన వస్తుంది, పురుగులు ఊపిరాడక పైకి వస్తాయి. అది తప్ప వేరేది దొరకనప్పుడు నీళ్లలో కలిపి మరిగించి చల్లార్చి వాడాలి. బూజు వచ్చిందని బెంజోయేట్ రెట్టింపు చేయడం చాలామంది చేసే పని. బూజు ఆగుతుంది, కానీ పురుగు ఎదగక ప్యూపా చిన్నదవుతుంది. బూజుకు అసలు మందు ట్రేలు వేడినీటితో కడగడం, మేత కలిపిన గంటలోపే గుడ్లు వేయడం. గుడ్లు తగినన్ని పొదిగి పురుగులు మేతను తిరగేస్తుంటే బూజు నిలబడలేదు. పొదుగు తక్కువైన ట్రేలోనే బూజు గెలుస్తుంది.

గ్రాము మేతకు మూడు నాలుగు గుడ్ల చొప్పున వేయాలి. గుడ్లను నేరుగా మేతలో కలిపేయకుండా పైన తడి టిష్యూ కాగితం పరిచి దాని మీద చల్లితే పొదిగిన పిల్లలు తామే లోపలికి దిగుతాయి. మొదటి రెండు రోజులు ట్రే మీద మూత ఉంచాలి, లేకపోతే పైపొర ఎండి పిల్లపురుగులు దిగలేవు. మూడో రోజు నుంచి మూత తీసి నెట్ గుడ్డ కప్పాలి. డ్రోసోఫిలా లోపలికి చేరేది ఈ దశలోనే, కాబట్టి గుడ్డ అంచులు గట్టిగా బిగించాలి. మేత మందం అంగుళానికి మించకూడదు. పురుగులు పెద్దవయ్యాక వాటి తిండి వల్ల, పులియడం వల్ల మేత లోపల వేడి పుడుతుంది. గది 26 డిగ్రీలున్నా ట్రే నడుమ థర్మామీటరు గుచ్చితే నాలుగైదు డిగ్రీలు ఎక్కువే చూపుతుంది. రెండు అంగుళాల మందాన పోసిన ట్రేలో నడిమి పురుగులు వేడికి చచ్చి, అంచుల్లోవి మాత్రమే బతుకుతాయి. గోడ మీది థర్మామీటరును నమ్ముకుంటే ఈ సంగతి తెలియదు.

ఆరు నుంచి ఎనిమిది రోజుల్లో పురుగు ఎదిగి మేత వదిలి గెంతడం మొదలుపెడుతుంది. శరీరాన్ని వంచి, నోటి కొక్కేలతో తోక అంచును పట్టుకుని ఉంగరంలా బిగుసుకుని, ఒక్కసారి వదిలేసి జానెడు దూరం ఎగిరి పడుతుంది. చీకటి గదిలో ట్రేల మీద వాన చినుకుల్లాంటి టపటప శబ్దం వినిపిస్తుంది. అందుకే మేత ట్రేను ఇంకా పెద్ద తొట్టిలో, ఇసుక లేదా మెత్తటి రంపపు పొట్టు మధ్యలో పెట్టాలి. ఇసుక బరువులో పదో వంతు నీరు ఉంటే చాలు. పొడి ఇసుకలో ప్యూపాలు ముడుచుకుపోతాయి, బురదలో బూజు పడతాయి. టేకు పొట్టు, మందు వేసిన కలప పొట్టు వాడకూడదు.

ఇక్కడ తొందరపడి చాలామంది పెంపకం చెడగొట్టుకుంటారు. పురుగు ఇసుకలోకి దిగిన మొదటి నాలుగు రోజులు జల్లెడ పట్టకూడదు. ఆ రోజుల్లోనే ప్యూపా లోపల ఎగిరే కండరాలు ఏర్పడుతుంటాయి, కుదుపులకు అవి చెడిపోతాయి. ఆ ఈగ బయటికి చూడ్డానికి బాగానే వస్తుంది, తింటుంది, నడుస్తుంది, కానీ రెక్కలు వాలిపోయి ఎగరలేదు. ఎర పరీక్షలో ఆ ఈగలు బుట్ట దాకా చేరవు, ఎర పనిచేయలేదని రాసుకుంటాం. అయిదో రోజు తర్వాత మెల్లగా జల్లించి, తేమ ఉన్న గాలిలో ఒకే పొరగా పరిచి ఉంచాలి. మొత్తం ఎనిమిది నుంచి పది రోజుల్లో ఈగలు వస్తాయి.

ప్రతి తరానికి మూడు కొలతలు రాయాలి. ఒకటి వంద ప్యూపాల బరువు: డోర్సాలిస్‌కు 1.2 గ్రాముల దగ్గర ఉండాలి, గ్రాముకు దిగితే మేతలోనో, వేడిలోనో, ఇరుకులోనో తేడా ఉన్నట్లు. రెండోది వందలో ఎన్ని ఈగలు బయటికి వచ్చాయి. మూడోది ఎగిరే పరీక్ష: 10 సెంటీమీటర్ల ఎత్తున్న నల్లటి గొట్టం లోపలి గోడకు టాల్కం పౌడరు రాసి, అడుగున వంద ప్యూపాలు పెట్టాలి. పౌడరు మీద ఈగ పాకలేదు, ఎగిరితేనే బయట పడుతుంది. బయటికి పోయినవాటిని ఎప్పటికప్పుడు తీసేస్తూ, చివర్లో గొట్టంలో మిగిలినవాటిని లెక్కపెడితే ఎగిరే ఈగల శాతం తెలుస్తుంది. ఇందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు. ఈ మూడు అంకెలు లేకుండా ప్రయోగశాల ఈగలతో చేశామని చెప్పే ఏ ఫలితాన్నీ మేము నమ్మం, మీ పాఠకులూ నమ్మవద్దు.

ఇంకో మెలిక ఉంది. గదిలో తరాలు గడిచేకొద్దీ ఈగ గదికి అలవాటు పడుతుంది. త్వరగా జతకడుతుంది, సీసాలో సులువుగా గుడ్లు పెడుతుంది, కాయ మీద గుచ్చే అలవాటు, ఎర వాసనకు స్పందన మారిపోతాయి. మొదటి రెండు మూడు తరాల అడవి ఈగ సీసా వైపే రాదు, దానికి సగం కోసిన జామకాయ తొక్క బోర్లించి పెట్టి మెల్లగా సీసాకు మార్చాలి. నలభై తరాల ఈగకు జామకాయ పెట్టినా సీసా కోసం చూస్తుంది. అందుకే ఏటా జామ కాలంలో తోట నుంచి కొత్త ఈగలను తెచ్చి కలపాలి, డబ్బా మీద తరం సంఖ్య రాయాలి, ఎర పరీక్షలకు కొత్త తరాల ఈగలనే వాడాలి. ఏ పెద్ద నగరంలోనో ఏళ్ల తరబడి పెంచుతున్న ఈగలను తెప్పించుకుంటే సరిపోదా అని అడిగేవారికి మా జవాబు ఇదే.

గది నడుస్తుంటే చేయగలిగే పనులు చాలా ఉన్నాయి, ముందు చేయాల్సింది ఎరల పరీక్ష. సిఫారసు ప్రకారం ప్లైవుడ్ ముక్కలను ఆల్కహాల్ ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, మలాథియాన్ ఒక పాలు కలిపిన ద్రావణంలో రెండు మూడు రోజులు నానబెడతారు. పాత తెలుగు కరపత్రాల్లో మలాథియాన్ బదులు డైక్లోరోవాస్ రాసి ఉంది. దాని వాడకం మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఇప్పటికీ ఆ కరపత్రాలు చేతులు మారుతున్నాయి. సంతలో దొరికే ముక్కలను గుణుపూర్ ఎండలో, వానలో కట్టి ఉంచి, రెండు వారాలకోసారి కొన్ని తెచ్చి, పెద్ద పంజరంలో ఇంతవరకు మిథైల్ యూజినాల్ రుచి చూడని రెండు వారాల మగ ఈగలను వంద చొప్పున వదిలి, ఎన్ని వాలాయో, ఎన్ని చచ్చాయో వేరువేరుగా లెక్కించాలి. వాసన మిగిలి మందు పోయిన ముక్క ఈగలకు విందు భోజనమే అవుతుంది, తిని ఎగిరిపోతాయి. బుట్టలో పడ్డవాటిని చూసి మాత్రమే లెక్కగడితే ఈ తేడా తెలియదు.

బెల్లం ఎర పరీక్షలో ఇంకో జాగ్రత్త. మాంసకృత్తు పెట్టకుండా చక్కెర మీదే ఉంచిన ఆకలి ఈగలు ఏ ఎరకైనా ఎగబడతాయి. తోటలో ఈగకు తేనె మంచు (ఆకుల మీది తియ్యటి జిగురు), పక్షి రెట్ట, పండు రసం దొరుకుతుంటాయి. అందుకే కడుపు నిండిన ఈగలను, ఆకలి ఈగలను రెండు గుంపులుగా పెట్టి చూడాలి.

కాయలు పూడ్చే లోతు, మట్టిలో పురుగులను చంపే మెటారైజియం, బవేరియా బూజులు కలిపితే ప్యూపాలు ఎంతవరకు చస్తాయన్నది కూడా ఎర్ర నేలకు, వంశధార ఒండ్రుకు వేరుగా తేల్చవచ్చు. పరాన్నజీవుల పెంపకానికీ ఈ గదే పునాది. గుడ్డు దశలో దాడి చేసే ఫోపియస్ అరిసానస్‌ను హవాయిలో 1940ల చివర ప్రవేశపెట్టాక డోర్సాలిస్ బాగా తగ్గింది. అయితే పరాన్నజీవిని పెంచాలంటే ముందు వేలల్లో ఈగ గుడ్లు కావాలి.

ఎగుమతి మాట ఎత్తేవారు ఒక లెక్క గమనించాలి. పండు ఈగ కనబడిందని ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుంచి మన మామిడిని ఆపింది. 2015లో మళ్లీ తెరిచింది. జపాన్ 2006లో మన మామిడిని అనుమతించినప్పుడు ఆవిరి వేడితో కాయ లోపలి గుజ్జు 47.5 డిగ్రీలకు చేరి 20 నిమిషాలు నిలవాలని నియమం పెట్టింది. ఇలాంటి నియమం వెనుక కాయల్లోకి ఎక్కించిన పురుగుల మీద చేసిన పరీక్షలుంటాయి. లక్షకు 99,996 కంటే ఎక్కువ చస్తాయని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 93,613 పురుగుల మీద పరీక్షించి ఒక్కటీ బతకకూడదు. మన చిన్న గదికి అంత సంఖ్య సాధ్యం కాదు, అడగడమూ లేదు. కానీ సువర్ణరేఖ తొక్కకు 48 డిగ్రీల నీటిలో గంటసేపు ముంచితే మచ్చలు పడతాయా, లోపల పురుగు ఏ దశలో ఎక్కువ తట్టుకుంటుంది అన్నవి కొన్ని వేల పురుగులతో తేలే పనులు. రాయగడ మామిడి విజయనగరం మార్కెట్‌కు వెళ్లేటప్పుడు వ్యాపారి కోసి చూపించి ధర తగ్గించేది ఈ పురుగు పట్టిన కాయనే కదా.

గది నుంచి ఈగలు తప్పించుకుంటాయని భయం సహజమే. ఇవన్నీ చుట్టుపక్కల ఉన్న జాతులే, బయటి దేశం ఈగ కాదు. అయినా వాడిన మేతను ట్రేతో సహా మరిగే నీటిలో వేయాలి, లేదా నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి రెండు వారాలు ఎండలో ఉంచి ఆ తర్వాతే పెంటకుప్పకు పంపాలి. పరీక్ష అయిపోయిన ఈగలను ఫ్రీజర్‌లో పెట్టి చంపాలి. తోట నుంచి వచ్చినవారు అదే బట్టలతో ఈగల గదిలోకి వెళ్లకూడదు, ఎరలు పట్టుకున్న చేతితో పంజరం ముట్టకూడదు. మిథైల్ యూజినాల్ వాసన ఒకసారి గోడకు పట్టిందంటే ఆ గదిలో ఎర పరీక్ష చేయలేం. ఎరలు మరో భవనంలో ఉండాలి.

గుణుపూర్‌లో, సెమిలిగుడలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. పర్లాకిమిడిలో వ్యవసాయ విద్యార్థులున్నారు. భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం సాంకేతికంగా నడిపించగలదు. కొత్త భవనం అక్కర్లేదు, ఉన్న గదికి జాలీ, ఏసీ, ఇన్వర్టరు, టైమరు, త్రాసు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆదివారం, పండగ అనకుండా రోజూ గంటన్నర వచ్చే ఇద్దరు మనుషులు కావాలి. నీళ్ల సీసా ఎండితే ఈగలు ఒకటి రెండు రోజులు కూడా నిలవవు. నెలవారీ జీతంపై ఇద్దరిని పెట్టకుండా పరికరాలు మాత్రమే మంజూరు చేస్తే ఆ గది ఆరు నెలల్లో గోదాం అవుతుంది.

పని మొదలుపెట్టడానికి సరైన అదను ఆగస్టు. రాలిన జామలతో మొదలుపెడితే ఫిబ్రవరి నాటికి నాలుగైదు తరాలు చేతికొస్తాయి, మామిడి పిందె దశకు ఎరల పరీక్ష ఫలితం సిద్ధంగా ఉంటుంది. ఆ ఫలితం ఎర పేరు, ఎండలో నిలిచిన వారాలు, వానలో నిలిచిన వారాలు, చచ్చిన మగ ఈగల శాతంతో చిన్న పట్టికగా ఒడియాలోనూ తెలుగులోనూ రావాలి. తెలుగు పట్టికను ఏటా మార్చి మొదటి వారం మీ వ్యవసాయ పేజీలో వేయగలరా అని అడుగుతున్నాం.

ఇట్లు,
పంట రక్షణ పనిలో ఉన్న కొందరం,
గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా